నీరు గీసిన గీత

ఆరో తరగతి బి సెక్షన్లో
నల్లబల్లకి రెండు పక్కలా గోడ మీద
మట్టిరంగు గీత ఒకటుంది.
మేం గీసింది కాదు.

మేం బళ్ళో చేరిన ఏడాది ఆగస్టులో
మూడో ప్రమాద హెచ్చరిక అన్నారు.
బల్లల మీద బల్లలు పేర్పించి
హెడ్మాస్టారు తలుపుకి తాళం వేశారు.
తాళం చూసి గోదారి నవ్వుకునే ఉంటుంది.

తొమ్మిదో రోజుకి నీరు తీసింది.
లోపల మోకాలి లోతు ఒండ్రు,
పటాల బీరువాలో బురదపాము,
ఆఫ్రికా అడుగున నత్తలు.
హాజరుపట్టీని కొబ్బరితాడు మీద ఆరేస్తే
పదిహేడో నంబరు సిరా కారి
పద్దెనిమిదిలో కలిసిపోయింది.
అప్పట్నించీ పితాని ధర్మావతి అనే నేనూ
పిల్లా దయామణీ
ఒక్క పిలుపుకి ఇద్దరం పలికేవాళ్ళం.

సున్నం వేయించబోతే తెలుగు మేడమ్ గారు ఆపారు.
"ఉండనివ్వండి మాస్టారూ,
ఎంతవరకూ వచ్చిందో పిల్లలకి తెలియాలి కదండీ."
నీటి మీద గీత నిలవదని పాఠం చెప్పిన నోటితోనే
నీరు గీసిన గీతని కాపాడారావిడ.

వరసగా గోడకి ఆనుకుని నిలబడ్డాం.
గీత అందరి తలల పైనే.
అందరం మునిగిపోయేవాళ్ళమని లెక్క తేలింది.
నవ్వుకుంటూ అన్నాలకి పోయాం,
ఆ రోజు గుడ్డు.

ఆ తర్వాత ఏటా జూన్‌లో బడి తెరవగానే
పెన్సిలు పట్టుకుని ఆ గోడ దగ్గరికే.
ఏడులో మీరావలి గొంతు జనగణమన మధ్యలో విరిగింది.
ఎనిమిదిలో లెక్కల మాస్టారికి బదిలీ అయి
కొత్తాయన వచ్చేసరికి సంక్రమణాలూ సమీకరణాలూ
మాకు ఒకటే అయిపోయాయి.
పంటు ఆగిన రోజుల్లో అవతలి లంక వాళ్ళకి గైర్హాజరు పడేది కాదు,
ఇవతల ఉన్న మాకు ఎంత కుళ్ళో!
ఏసుపాదం అయితే గట్టు మీద కూర్చుని
పంటు ఇంజను పాడవ్వాలని మొక్కుకునేవాడు.
ఇంకా ఏదో ఉంది చెప్పాల్సింది,
కెమిస్ట్రీ గదిలో మంట గురించి.
వద్దులెండి, మాస్టారు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు.

తొమ్మిదిలో
అమ్మాయిల్లో ముందుగా గీత దాటింది దయామణి.
రెండు వేళ్ళు.
మా అందరికీ జీళ్ళు కొనిపెట్టింది.
దసరా సెలవులయ్యాక
రొయ్యల కంపెనీ పసుపు బస్సు ఎక్కేసింది.

"పదిహేడు" అన్నారు మాస్టారు.
నేను రెండు గొంతులతో రెండుసార్లు పలికాను.
వారం రోజులు ఆయన విన్నారు,
వారం రోజులు ఇద్దరికీ వేశారు.
ఎనిమిదో రోజు తల ఎత్తకుండా
ఎర్రసిరాతో గీత కొట్టారు,
అది మాత్రం స్కేలుతో, తిన్నగా.

నిన్న హాల్‌టికెట్లు ఇచ్చి గ్రూప్ ఫొటో అన్నారు.
నైట్ షిఫ్టు దిగి దయామణి నేరుగా వచ్చింది,
ఒంటినిండా ఐసు వాసన,
వేళ్ళ కొసలు నానిపోయి తెల్లగా.
"యూనిఫాం లేనమ్మాయి పక్కకి జరగాలండి"
అన్నాడు ఫొటో అతను.
"మీరే ఓ రెండడుగులు వెనక్కి జరగండి బాబూ,
అందరూ పడతారు" అన్నారు హెడ్మాస్టారు.
జరిగాడు. వెనక తుప్పల్లోకి.

ఫొటో అయ్యాక
ఎవరూ పిలవకుండానే బి సెక్షన్లోకి వెళ్ళాం.
ఇప్పుడు అందరం గీతకి పైనే,
మీరావలికి అది ఛాతీ దాకా.
ఎల్లుండి పరీక్షలు, ఆ తర్వాత
పాలిటెక్నిక్కో, ఐటీఐయో, వాళ్ళ నాన్న వలో.
ఎవరికెంత నీరు వస్తుందో
ఏ గోడ మీదా రాసిలేదు.

దయామణి వీపు గోడకి ఆనించి
అరచెయ్యి ముఖానికి అడ్డంగా పెట్టి చూసుకుంది.
"ఇప్పుడొస్తే ముక్కు దాకానే కదే!"
ముక్కు దాకా అంటే మునిగినట్టే కదే పిచ్చిదానా, అన్నాను.

బయట బస్సు హారను కొడుతోంది.

మడమలెత్తింది.